ఆకు ఎక్కడ వేస్తారు

కేరమ్ డౌన్స్, మెల్‌బోర్న్,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకి,

నీ పెద్దపిల్ల రాసేది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను ఒంట్లో బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, పొద్దున్నే చర్చిలో పూజకి వెళ్ళి వచ్చాను. నువ్వూ నాన్నా జోస్ఫినూ కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను.

ఫోన్ చేయక ఈ కాగితాలెందుకు అంటావు. ఫోనైతే నువ్వు స్పీకరు పెట్టి అరుగు మీద కూర్చుంటావు, నా మాట కాలవగట్టంతా వింటుంది. ఈసారి చెప్పేది కాలవగట్టు వినేది కాదు. అందుకే రాసి, ఫొటోలు తీసి జోస్ఫిన్‌కి పంపుతున్నాను. చెల్లీ, హాస్టల్ నుంచి ఇంటికెళ్ళాక కుదురుగా కూర్చుని చదివి వినిపించు. నీకు తోచినట్టు కుదించి చెప్పకు.

నువ్వు చెప్పి రాయించిన ఉత్తరం అందింది. నీ మోకాలి నొప్పికి ఆ నాటు నూనె మానేసి, మిషన్ ఆసుపత్రికి వెళ్ళు. జోస్ఫిన్ తీసుకెళ్తుంది. కాబోయే నర్సు ఇంట్లో ఉండగా తాయెత్తు కట్టిన నూనె ఎందుకు మనకి. నేను లావయ్యానా అని అడిగావు. లేదు. నల్లబడ్డాను. ఇక్కడి ఎండ మన మిరప చేలో ఎండకంటే దొంగది, చల్లగాలి వేస్తూనే తోలు ఊడదీస్తుంది.

నాన్న అడిగించిన మాట కూడా చదివాను. పెద్దవీధి ప్రెసిడెంటుగారి మనవరాలి పెళ్ళికి గ్యాసు కాదు, కట్టెల మీదే వంట చేయిస్తారట, గాడిపొయ్యి తవ్వడానికి శౌరయ్యే రావాలని కబురు పెట్టారట. వెళ్ళనా వద్దా పెద్దదాన్ని అడుగు అన్నాడట. ఆ జవాబు చివర రాస్తాను. ఎందుకు చివర రాస్తానో చదివితే నీకే తెలుస్తుంది.

ముందు నా పని సంగతి. "ఏమీ పండించని పొలానికి జీతమిచ్చి కాపలా పెట్టేవాళ్ళని నేనెక్కడా చూడలేదు" అని రాయించావు. నేను పని చేసే ట్రస్టు అంటే మరేం లేదమ్మా. ఊరివాళ్ళు చందాలేసుకుని కొంత నేల కొన్నారు. దాన్ని ఎవరికీ అమ్మకుండా, ఇళ్ళు లేవకుండా చూస్తారు. వాగు పక్కన గడ్డి, తుప్పలు, కప్పలు, పిట్టలు ఒకప్పుడు ఎలా ఉండేవో అలా ఉండనివ్వాలని వాళ్ళ ఆశ. ఆ ఆశ మంచిదే. దానికోసమే నేను ఈ ఉద్యోగంలో చేరాను. మనకి సెంటు భూమి లేదు, నేనేమో ఇక్కడ కనుచూపు మేర నేలకి కాపలాదారుని. నువ్వు నవ్వి ఉంటావు. నేనూ నవ్వుకున్నాను.

నువ్వన్నట్టే, అక్కడా ఇక్కడా కలుపే. నువ్వు కూలికి వెళ్ళి తీశావు, నేను ఎమ్మెస్సీ చదివి తీస్తున్నాను. తేడా ఏంటంటే నాకు టోపీ, చేతి తొడుగులు, మధ్యలో టీ ఇస్తారు. వెనకవైపు మైదానంలో మర్నాంగ్ అని ఒక మొక్క ఉంది. పసుపుపచ్చ పువ్వు, చిన్న చామంతిలా వంగి ఉంటుంది. కింద వేలెడు దుంప. ఈ నేల అసలు మనుషులు, మనకంటే, తెల్లవాళ్ళకంటే ముందునుంచీ ఉన్నవాళ్ళు, ఆ దుంపలు తవ్వుకుని కాల్చుకుని తిని బతికారట. తర్వాత గొర్రెలొచ్చి మేసేశాయి. ఇప్పుడు మళ్ళీ విత్తనం వేసి, చుట్టూ కలుపు పీకి, కుందేళ్ళు తవ్వకుండా చూసి పెంచుతున్నాం. దాని చుట్టూ గట్టి కంచె వేయించాలని నేను చేరినప్పటినుంచీ అడుగుతున్నాను. ఈ ఉద్యోగంలో నాకు నచ్చింది ఆ పచ్చపూల మడి ఒక్కటే.

మిగతాది రోతమ్మా. ఇంత గట్టి మాట నేను వాడనని నీకు తెలుసు.

ట్రస్టు వాళ్ళు మాటిమాటికీ జనాన్ని పోగేస్తారు. మొక్కలు నాటే ఆదివారం అంటారు. పిల్లలూ పెద్దలూ కొత్త బూట్లేసుకుని వస్తారు. బ్రెడ్డులో సాసేజీ పెట్టి ఇస్తారు, కొవ్వు కారి గడ్డి మీద పడుతుంది, కాగితాలు వాగులోకి ఎగురుతాయి. మా మేనేజరు హెదర్ ఒక కార్డు తీసి, ఈ నేల అసలు యజమానులకి మా గౌరవం అని చదువుతుంది. అందరూ తలొంచుకుంటారు. తర్వాత గేటు పక్కనే మొక్కలు నాటుతారు. ఎప్పుడూ గేటు పక్కనే, కార్లు ఆపేది అక్కడే కాబట్టి. తర్వాత ఎవరూ నీళ్ళు పోయరు. ఎండాకాలంలో అన్నీ చస్తాయి. మళ్ళీ నాటే ఆదివారం రాకముందు శనివారం ఆ చచ్చినవాటిని పీకి, గుంటలు సరిచేసి పెట్టేది నేను. వచ్చినవాళ్ళకి కొత్త నేలలా కనపడాలి. ఒక పెద్దాయన ఉత్సాహంగా, పోయినసారి నేను నాటిన చెట్టు ఏది అని నన్నడిగాడు. వేరే చెట్టు చూపించాను. ఆయన దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు.

ఆ కార్డు సంగతి ఫోన్లో చెబితే, ఆ అసలు యజమానులు ఇప్పుడెక్కడున్నారు అని నువ్వడిగావు కదా. నాకా ప్రశ్న తట్టనందుకు సిగ్గేసింది. వెళ్ళి హెదర్‌ని అడిగాను. "ప్రతిసారీ గౌరవం చెబుతున్నాం కదా" అంది. వాళ్ళని పిలుస్తారా అన్నాను. "పోయినేడాది పిలిచాం, లవ్లీ పీపుల్" అంది. అంతే.

ఇక అసలు సంగతి. జోస్ఫినూ, నాన్న దగ్గర్లో ఉంటే ఇక్కడ ఆపు. ఆయన బయటికి వెళ్ళాక చదువు.

అమ్మా, చలికాలం చివర్లో మన తెలుగువాళ్ళు కొందరు ఆఫీసుకి వచ్చారు. ఒక సంఘం వాళ్ళు. దాని పేరు కుటుంబ స్నేహ సమితి. కార్తీక వనభోజనాలు మా మైదానంలో పెట్టుకుంటామన్నారు. అధ్యక్షుడు రాధాకృష్ణ అంకుల్, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని తిరుగుతాడు. ఆడవాళ్ళ తరఫున జ్ఞానప్రసూన ఆంటీ. హెదర్ సంతోషం చూడాలి. "ఇన్ని రంగుల మనుషులు మా మైదానంలో" అని పొంగిపోయింది. తెలుగు వచ్చిన దాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఏర్పాట్లన్నీ నాకు అప్పజెప్పింది.

మొదటిరోజే వాళ్ళకి ఉసిరి చెట్టు కావాల్సి వచ్చింది. మెల్‌బోర్న్‌లో ఉసిరి ఎక్కడుంది. ఆంటీ మైదానమంతా తిరిగి ఒక తుమ్మజాతి చెట్టు దగ్గర ఆగింది. "ఆకు సన్నగా అలాగే ఉంది కదా రాధాకృష్ణా, ఇది చాలు" అంది. అంకుల్ ఇండియాలో పంతులుగారికి వీడియో కాల్ చేసి కొమ్మ చూపించాడు. ఆయన కాసేపు చూసి, "మనసులో ఉసిరి అనుకుని చేయండి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అప్పటికి వాళ్ళంటే నాకు ఇష్టంగానే ఉంది. చెట్టుకి దణ్ణం పెట్టుకునేవాళ్ళు దాన్ని నరకరు కదా అనుకున్నాను.

ఆంటీ నన్ను బాగా చేరదీసింది. ఇంటికి పిలిచి గోంగూర పచ్చడి, నెయ్యి వేసి పెట్టింది. రైలు తప్పితే కారు పంపించేది. ఎందుకంత ప్రేమో నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మన ఊరు అడిగింది, చెప్పాను. నాన్న పేరడిగింది, చెప్పాను.

"శౌరయ్యగారా. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది చర్చిలో కలిశారులే. మా పెద్దమ్మ ఆడపడుచు వాళ్ళు కూడా ఇన్నయ్యలూ చిన్నపరెడ్డులూ అని పేర్లు పెట్టుకుంటారు. ఎవరికి మొక్కితే ఏముంది తల్లీ, రక్తం మనదే కదా. తిను, తిను" అంది.

నేను తిన్నాను. ఆంటీ, మేం మీరనుకునే వాళ్ళం కాదు, కాలవగట్టు వాళ్ళం అని అనలేదు. గోంగూర బాగుంది. చాలా రోజుల తర్వాత ఎవరో తల్లీ అన్నారు. నోరు తెరవలేదు. ఆ పూటే కాదు, మళ్ళీ పిలిచినప్పుడు కూడా వెళ్ళాను, మళ్ళీ తెరవలేదు. వాళ్ళ మీద నాకున్న రోతలో కొంత వాటా నాకూ ఉంది.

ఆ సంఘంలో ఎవరు చేరొచ్చో, ఎవరు చేరకూడదో నాకు అప్పటికే అర్థమైంది. స్నేహం అని పేరు పెట్టుకున్నారు కానీ, ఆ స్నేహం ఇంటిపేరు అడిగాకే మొదలవుతుంది. హెదర్‌కి చెప్పాలనుకున్నాను. ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను.

వనభోజనాల రోజు పొద్దున్నే నేను వెళ్ళేసరికి మగవాళ్ళు పారలు పట్టుకుని ఉన్నారు. గ్యాసు పొయ్యిల మీద వంకాయ కూర రుచిరాదని అంకుల్ గాడిపొయ్యి మీద పట్టుబట్టాడు. వేసవి నిప్పు నిషేధం ఇంకా మొదలు కాలేదు, నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టుకుంటే సరేనని ట్రస్టు ఒప్పుకుంది. వాళ్ళు తవ్వుతున్నది ఎక్కడనుకున్నావు. పచ్చపూల మడిలో. నేల మెత్తగా ఉందట. తీగ కట్టి, బోర్డు పెట్టి ఉంచితే, తీగ తప్పించి లోపలికి దిగారు. దుంపలు పారకి తెగి తెల్లగా పడి ఉన్నాయి.

"అయ్యో అంకుల్, ఇక్కడ కాదు" అని పరిగెత్తాను.

"గడ్డే కదమ్మా, మళ్ళీ మొలుస్తుంది" అన్నాడు.

బ్యాంకులో పనిచేసే ఒకాయన వీడియో చూసి తవ్వుతున్నాడు. గుంట గుండిగ కంటే వెడల్పు. నిప్పు పెడితే గుండిగ అందులో పడి కూర్చుంటుంది. నోరు గాలికి అడ్డంగా ఉంది, పొగంతా వడ్డన వైపు కొడుతుంది. నాన్న ఉంటే పార లాక్కునేవాడు. నేనూ అదే చేశాను అమ్మా. వెనక కారు దారి మీద, ట్యాంకు పక్కనే, ఏమీ మొలవని గట్టి నేల ఒకటి ఉంది, అక్కడికి రమ్మన్నాను. చెప్పులు విప్పాను. గుప్పెడు మట్టి తీసి జారవిడిచి గాలి ఎటునుంచి వస్తుందో చూశాను, అటు నోరు పెట్టాను. గుండిగ అంచు పట్టేంత సన్నగా, కొంచెం వాలుగా తవ్వుకుంటూ పోయాను. తీసిన మట్టి తడిపి అంచులకి మెత్తాను. చిన్నప్పుడు నాన్న వెనకాల నీళ్ళ ముంత పట్టుకుని నడిచింది నేనే కదా. నా చేతులు ఏదీ మర్చిపోలేదు. కట్టెలు అంటించగానే మంట లోపలికి లాగింది, పొగ వాగు వైపు పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెబుతున్నాను, ఎమ్మెస్సీ పట్టా తీసుకున్నరోజు కూడా నాకంత గర్వంగా అనిపించలేదు.

"భలే పిల్లవే. ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇదంతా?" అన్నాడు అంకుల్.

"మా నాన్న శౌరయ్య దగ్గర అంకుల్. మా ఊళ్ళో పెద్దవీధి పెళ్ళిళ్ళన్నిటికీ ఆయనే తవ్వుతాడు" అన్నాను. సంతోషంలో ఉన్నాను, ఏం చెబుతున్నానో చూసుకోలేదు.

అంకుల్ కళ్ళజోడు కళ్ళ మీదికి దించుకున్నాడు. "ఏ శౌరయ్య? కాలవగట్టు శౌరయ్యా?"

"అవునండి."

"ఓరి నీ. మా అక్కని మీ ఊరే ఇచ్చాం. మా మేనకోడలి పెళ్ళికి మీ నాన్నే తవ్వాడు. మంచోడు. పిలవగానే వచ్చేవాడు, నోట్లో మాట ఉండేది కాదు." నవ్వుతూనే అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమే ఎక్కువ రోతగా ఉందమ్మా. అప్పటిదాకా నాన్న శౌరయ్యగారు. అక్కడినుంచి మంచోడు.

ఆంటీ పసుపు చేతిని చీర కొంగుకి తుడుచుకుని, ఉసిరి అనుకున్న చెట్టు దగ్గరికి వెళ్ళిపోయింది.

భోజనాల వేళకి వరసగా చాపలు పరిచారు. డాండెనాంగ్‌లో మనవాళ్ళ కొట్లో ఫ్రీజర్‌లోంచి తెచ్చిన అరిటాకులు కడిగి వేశారు. నేను చేతులు కడుక్కుని వస్తుంటే ఆంటీ ఎదురొచ్చింది.

"కరోలిన్, నువ్వు స్టాఫ్ కదా. మీ ఆఫీసు వాళ్ళకి అక్కడ టేబుల్ వేయించాను. అక్కడికి పంపిస్తాలే."

టేబుల్ నీళ్ళ ట్యాంకు వెనక ఉంది. దాని మీద వెండిరంగు కాగితం కప్పిన ప్లేటు ఒక్కటే ఉంది. ఆఫీసు వాళ్ళలో ఆరోజు వచ్చింది నేనూ హెదరూ. హెదర్ ఎక్కడుందని చూస్తే, చాపల మధ్య వరసలో అంకుల్ పక్కన కాళ్ళు మడుచుకోలేక మడుచుకుని కూర్చుని ఉంది. ముందు ఆకు, నుదుట బొట్టు. ఎవరో ఆమెకి చేత్తో కలుపుకోవడం నేర్పుతున్నారు. హెదర్‌ని ఎవరూ ఇంటిపేరు అడగలేదు.

నేను ఆ టేబుల్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను కూడా. కూర్చున్నాక గుర్తొచ్చింది. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో నాన్న నన్ను పశువుల కొట్టం వెనక్కి తీసుకెళ్ళేవాడు. అందరి భోజనాలూ అయ్యాక ఎవరో వచ్చి పైనుంచి అన్నం వేసేవారు. నాన్న నాకు ముందు పెట్టి, "ఇక్కడైతే చల్లగా ఉంటుంది బిడ్డా" అనేవాడు. నేను నమ్మాను. చల్లదనం కోసమే అక్కడ కూర్చున్నామని చాలా ఏళ్ళు నమ్మాను. నువ్వేమో అవతల గుండిగలు తోముతూ ఉండేదానివి.

ఆ వెండి కాగితం విప్పలేదు. లోపల ఏముందో కూడా నాకు తెలియదు.

తర్వాత ఆంటీ మళ్ళీ వచ్చింది. "గుండిగలు అడుగంటాయమ్మా. మా వాళ్ళకెవరికీ చేతకాదు. నీకు అలవాటే కదా, కాస్త చూస్తావా?" అంది. పక్కన ఇద్దరు ఆడపిల్లలు ఫోన్లు చూసుకుంటూ నిలబడి ఉన్నారు. ఆంటీ మాట మెత్తగానే ఉంది. తల్లీ అనడం మాత్రం మానేసింది.

నేను గుండిగలు ముట్టుకోలేదు. గాడిపొయ్యిలో నిప్పు ఆర్పి, నేను తవ్విన గుంట నేనే పూడ్చాను. వాళ్ళు వెళ్ళాక చూస్తే మైదానం నిండా ఆకులు, ప్లాస్టిక్ గ్లాసులు, కొబ్బరి చిప్పలు. మిగిలిన సాంబారు వాగు గట్టు మీద కుమ్మరించారు. కప్పలుండే చోట నూనె తేలుతోంది. చెట్టు మొదలంతా పసుపు, కుంకుమ, చల్లారిన ప్రమిదలు. సాయంత్రం దాకా ఏరాను. చేతులకి ఎంత సబ్బు పెట్టినా ఆ వాసన పోలేదు. అది సాంబారు వాసనో ఇంకేదో నాకు తెలియదు.

ఇదంతా అయ్యాక కూడా నోరు మూసుకునే ఉండేదాన్నేమో. పోయిన శనివారం మధ్యాహ్నం ట్రస్టు సభ్యుల వార్షిక సమావేశం జరిగింది. కేకులూ టీ అన్నీ పెట్టారు. హెదర్ వనభోజనాల ఫొటోలు గోడ మీద చూపించింది. అంకుల్ లేచి నిలబడి, ఏటా ఇక్కడే చేసుకుంటామని, పచ్చపూల మడికి కంచె ఖర్చు మొత్తం మా సమితే పెట్టుకుంటుందని ఇంగ్లీషులో చెప్పాడు. అమ్మా, నేనడిగిన కంచె అది. నా గుండె ఒక్కసారి లేచింది. అప్పుడే ఆయన, "ఒక్కటే మా కోరిక. నిప్పు గుంటా, శుభ్రం చేసే పనీ ప్రతి ఏడాదీ కరోలినే చూసుకోవాలి. ఆ పని వాళ్ళ కుటుంబంలో తరతరాలుగా వస్తోంది" అన్నాడు. హాలంతా చప్పట్లు. హెదర్ కళ్ళలో నీళ్ళు. "ఎంత అందమైన సంప్రదాయం" అని మైకు నా చేతికిచ్చింది.

నేను మైకు పట్టుకుని ఆంటీ వైపు తిరిగి తెలుగులో అడిగాను. "తవ్వుతాను ఆంటీ. భోజనాలప్పుడు నాకు ఆకు ఎక్కడ వేస్తారు?"

ఆంటీ చేతిలో కేకు ముక్క వైపు చూసుకుంది. అంకుల్ నవ్వాడు. "ఏంటమ్మా ఇది, ఇది ఆస్ట్రేలియా, ఇక్కడ అవన్నీ ఎక్కడున్నాయి" అన్నాడు.

"లేకపోతే చెప్పడం తేలికే కదా అంకుల్. ఎక్కడ వేస్తారు?"

అంకుల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హెదర్ నవ్వు మొహంతోనే అటూ ఇటూ చూస్తోంది. అప్పుడు ఇంగ్లీషులో చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదనుకున్నది ట్యాంకు వెనక టేబుల్ దగ్గర మొదలుపెడితే తేలిగ్గానే వచ్చింది. మా నాన్న ఎక్కడ కూర్చుని తిన్నాడో, నేను ఎక్కడ కూర్చున్నానో, హెదర్ ఎక్కడ కూర్చుందో చెప్పాను. ఆ సంఘంలో నేను ఎందుకు చేరలేనో చెప్పాను. ఏడవలేదు. జనం మర్యాదగా విన్నారు. ఒకావిడ థాంక్యూ ఫర్ షేరింగ్ అంది. తర్వాత అందరూ కేకు కోసుకున్నారు.

సోమవారం హెదర్ పిలిచింది. సమితి వాళ్ళు బాధపడ్డారట. ఇది మీ కమ్యూనిటీ లోపలి విషయం, ట్రస్టు కలగజేసుకోదు, ఒక చిన్న క్షమాపణ మాట చెబితే కంచె నిలబడుతుంది, నీకూ మంచిది అంది. నా కాంట్రాక్టు జూన్‌తో అయిపోతుంది, అది పొడిగించేది ఆమే. పరదేశపు గడ్డి ఒక్క పరక కనపడితే ఆదివారం సెలవు మానుకుని వచ్చి పీకే మనిషి, దీన్ని మాత్రం లోపలి విషయం అంది. ఆమె ఇచ్చిన టీ కప్పు ఆమె బల్ల మీదే వదిలేసి వచ్చాను.

క్షమాపణ చెప్పలేదమ్మా. ఒక్క షరతు పెట్టాను. ట్రస్టు నేల మీద ఎవరు భోజనాలు పెట్టినా వచ్చిన అందరికీ ఒకే వరసలో పెట్టాలి, లేదంటే నేల ఇవ్వకూడదు. "కాంప్లికేటెడ్" అంది. కమిటీ వాళ్ళు మాట్లాడుకుంటారట. ఏమంటారో తెలియదు. ఉద్యోగం పోతే పోవచ్చు. వీసా సంగతి అప్పుడు చూసుకోవాలి. ఇదే నీకు ఫోన్లో చెప్పలేకపోయింది. భయపడకు. నేను భయపడుతున్నాను, నువ్వు కూడా భయపడితే ఎవరూ మిగలరు.

పచ్చపూల మడికి ప్రస్తుతానికి పాత తీగే కట్టి ఉంచాను. తెగిన దుంపల్లో బతికినవాటిని మళ్ళీ పాతిపెట్టాను. రెండు మూడు చిగురు వేశాయి. కుందేళ్ళు రాకుండా పొద్దున్నే వెళ్ళి చూసి వస్తున్నాను.

జోస్ఫినూ, ఇప్పుడు నాన్నని పిలువు. పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ఇది ఆయనకి.

నాన్నా, పెద్దవీధి పెళ్ళికి వెళ్ళొద్దని నేను చెప్పను. మీ చేతి పొయ్యి లాంటిది ఇంకెవరికీ రాదు. ఇక్కడ నేను తవ్విన దానికి చప్పట్లు పడ్డాయి, అవి మీవి. వెళ్ళండి. కానీ పార పట్టుకోకముందు ప్రెసిడెంటుగారి ఎదురుగా నిలబడి ఒక్క మాట అడగండి. "అయ్యా, భోజనాలప్పుడు నాకు ఆకు ఎక్కడ వేస్తారు?" అనండి. గొంతు పెంచొద్దు. కొట్టం వెనక చల్లగా ఉంటుంది కదా అని మాత్రం మీరే ముందు అనేయకండి, మీకది అలవాటు. వాళ్ళని చెప్పనివ్వండి. పందిట్లో అందరి పక్కన అంటే తవ్వండి. నేలచూపులు చూస్తే, పార భుజాన వేసుకుని ఇంటికి వచ్చేయండి.

అమ్మా, ఆ పూట నువ్వు పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంచు.

ఇట్లు,
మీ పెద్దపిల్ల
కరోలిన్